లినక్స్ స్థాపనలో మూలాధికారము – పూర్వనిర్ణయములు



నేటి ప్రసంగవిషయము పేరు వినగానే, ఇది పట్టణములలోని యువకులకు సంబంధించినదే గాని మనకేల యని మీలో కొందఱికి తోచవచ్చును. కంప్యూటరునందు లినక్స్ అను వ్యవస్థను నెలకొల్పునపుడు మూలాధికారము ఎవరి చేతిలో నుండవలెను, మన మడుగకయే యమరిపోవు నేర్పాటులను ఎట్లు పరిశీలింపవలెను అనునదియే యా విషయము. చూచుట కిది యంత్రమును గూర్చిన ప్రశ్న. నిజమున కిది తాళపుచెవిని గూర్చిన ప్రశ్న. తాళపుచెవుల సంగతి గ్రామపెద్దలు ఎఱిగినంతగా మఱెవ్వరెఱుగుదురు?

దేవాలయపు హుండీని ఒక్కని చేతి కప్పగింపము. పలువుర యెదుట తెఱతుము. చెఱువు తూమును ఎవడు తెఱవవలెనో, ఏవేళ మూయవలెనో ఊరంతయు నెఱుగును. ధాన్యపుకొట్టు తాళము ఎవరియొద్ద నున్నదని యడిగినచో చిన్నపిల్లవాడైనను చెప్పగలడు. కాని గ్రామ గ్రంథాలయమునందో, పాలసంఘమునందో, పాఠశాలయందో ఉన్న కంప్యూటరు తాళ మెవరియొద్ద నున్నదని యడిగి చూడుడు. “ఎవరో కుఱ్ఱవాడు వచ్చి పెట్టిపోయినాడు, వానికే తెలియును” అను జవాబు తఱుచుగా వచ్చును. సభ్యుల పేర్లు, అప్పులపద్దులు, జమాఖర్చులు అన్నియు ఆ పెట్టెలోనే యుండగా ఈ జవాబుతో మనము తృప్తి పడదగునా?

మొదట లినక్స్ అన నేమో సంగ్రహముగా మనవి చేసెదను. కంప్యూటరునందు కంటికి కనబడు యంత్రభాగ మొకటి. ఆ యంత్రముచేత పని చేయించు వ్యవస్థ మఱియొకటి. ఈ రెండవదానికి ఆపరేటింగు సిస్టము అని పేరు. 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచ్చీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థను నిర్మింప మొదలిడిరి. ఒకే యంత్రమును పలువురు పంచుకొనుచు, ఒకరి సొత్తు నొకరు ముట్టకుండ పని చేసికొనుట కది తగియుండెను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు, ఎవరైనను చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును స్వేచ్ఛగల వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, గ్నూ అను పేర పని ప్రారంభించెను. 1991లో ఫిన్లండు దేశమందలి హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను 21 యేండ్ల విద్యార్థి, యూనిక్స్ మార్గము ననుసరించి, వ్యవస్థకు హృదయమువంటి భాగమును వ్రాసెను. లినక్స్ అను పేరు అతని పేరునుండి పుట్టినదే.

ఆ హృదయమునకు తక్కిన పనిముట్లను జేర్చి, సిద్ధాన్నమువలె మనకందించు కూర్పులు పెక్కులు గలవు. 1993లో మొదలైన డెబియన్ అట్టిది. 2004లో వెలువడిన ఉబుంటు అట్టిది. మనదేశమున సి-డాక్ అను కేంద్రప్రభుత్వసంస్థ 2007లో బాస్ అను కూర్పును తెచ్చినది. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ యను సంస్థ తెలుగున కనబడు కూర్పును సిద్ధపఱచినది. ఇవి వెల లేకయే లభించుచున్నవి గనుక, కొద్దిపాటి ధనముతో నడచు గ్రామసంస్థలకు మిగుల నుపయుక్తములు. మీలో పలువురి జేబులలో నున్న ఆండ్రాయిడ్ ఫోనుల యడుగున నున్నదియు లినక్స్ హృదయమే. కాని యొక భేదము కలదు. ఆ ఫోనున మూలాధికారమును కొన్నవానికి సాధారణముగా నీయరు. కంప్యూటరున లినక్స్ నెలకొల్పుకొన్నచో ఆ యధికారము పూర్తిగా మనదే. పరులు దాచియుంచిన తాళపుచెవి మన చేతికి వచ్చును. వచ్చినదానిని భద్రపఱచు భారమును మనదే యగును.

ఆ మూలాధికార మెట్టిదో వినుడు. లినక్స్ వ్యవస్థలో పనిచేయు ప్రతివానికిని ఒక పేరును, ఆ పేరు వెనుక నొక సంఖ్యయు నుండును. వీరిలో సున్న సంఖ్యగల వాడొకడు కలడు. వాని పేరు రూటు, అనగా వేరు లేక మూలము. వానికి మూయబడిన గది లేదు. ఎవరి పుస్తకమునైనను విప్పి చదువగలడు, దిద్దగలడు, తుడిచివేయగలడు. ఎవరి పాసువర్డునైనను మార్చగలడు. తుదకు తాను నిలిచియున్న వ్యవస్థనే నిర్మూలింపగలడు. అతడాజ్ఞాపించినపుడు యంత్రము ఏల యని యడుగదు. ఒక అక్షరము తప్పుగా వ్రాసినను ఆ యాజ్ఞయును అట్లే నెఱవేఱును.

సామాన్యవినియోగదారు డట్లు గాదు. వాడు తన యింటిలో తన యిష్టము. పొరుగింటిలోనికి పోజాలడు, ఊరి కట్టుబాటును మార్చజాలడు. వాడు పొరపాటు చేసినచో చెడునది వాని సొత్తు మాత్రమే. వాడు తెలియక ఒక దుష్టపు కార్యక్రమమును తెచ్చి నడపినను, ఆ దుష్టునికిని వాని కున్నంత యధికారమే యుండును. కావుననే నిత్యకృత్యములు, అనగా జాబులు వ్రాయుట, లెక్కలు వేయుట, వార్తలు చదువుట, సామాన్యుని పేరనే జరుగవలెననియు, మూలాధికారమును అవసరమైనపుడు అవసరమైనంత సేపు మాత్రమే వాడవలెననియు పెద్దలు నిర్ణయించిరి. 1975లో అమెరికాయందు జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను నిరువురు పండితులు కంప్యూటరులలోని సమాచారరక్షణను గూర్చి ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున ఈ నియమమును స్పష్టముగా జెప్పియున్నారు. ఎవడు చేయు పనికి ఎంత యధికార మవసరమో అంతయే వాని కీయవలెను అనునది వారి మాటల సారము. కాపలావానికి కొట్టు తలుపు తాళము చాలును. దస్త్రపు పెట్టె తాళము వాని కవసరము లేదు గదా.

ఆ వ్యాసమునందే మఱియొక సూత్రము కలదు. ఎవరిని లోనికి రానీయరాదో జాబితా వ్రాసి తక్కినవారి నందఱిని విడుచుటకంటె, ఎవరిని రానీయవలెనో వారి పేర్లు వ్రాసికొని, పేరు లేనివానికి ప్రవేశము లేకుండ చేయుట మేలు. అప్పుడు వ్రాయుటలో మఱపు కలిగినను, రావలసినవాడొకడు బయట నిలుచునే గాని దొంగ లోనికి రాడు. ఈ సూత్రము మనలను నేటి విషయములోని రెండవ భాగమునకు, అనగా పూర్వనిర్ణయములకు తీసికొనిపోవుచున్నది.

కంప్యూటరువారు దీనిని డిఫాల్టు అందురు. మనవారి కిది క్రొత్త భావము గాదు. వ్యాకరణమున ఉత్సర్గము, అపవాదము అని రెండు కలవు. ఉత్సర్గము సామాన్యవిధి; అపవాదము దానిని బాధించు విశేషవిధి. అపవాదము చెప్పబడనిచోట నెల్ల ఉత్సర్గమే చెల్లును. ఇంకను సులభమైన నిదర్శనము కావలెనన్నచో, సంకల్పసమయమున గోత్రము తెలియనివానికి పురోహితుడు కాశ్యపగోత్రమని చెప్పునుగదా. ఎవడును జవాబు చెప్పనపుడు చెల్లుటకై ముందుగా నుంచబడిన జవాబది. పూర్వనిర్ణయ మనగా నిదియే. సంకల్పమున దానివలన హాని యేమియు లేదు. కాని తాళముల విషయమున, అందఱికిని ఒక్క గోత్రమే చెల్లినచో ఏమగునో కొంతసేపటికి మనవి చేసెదను.

లినక్స్‌ను నెలకొల్పు కార్యక్రమమును ఇన్‌స్టాలరు అందురు. అది భాష యేది, కీబోర్డు ఏది, మీరున్న ప్రదేశమేది, డిస్కును ఎట్లు విభజింపవలెను, మీ పేరేమి, పాసువర్డేమి యని వరుసగా ప్రశ్నించును. పెక్కు ప్రశ్నల క్రింద ఒక జవాబు ముందే గుర్తింపబడి యుండును. తొందరపడు కుఱ్ఱవాడు ఎంటరు మీటను నొక్కుచు పోవును. అరగంటలో పని ముగియును. అందఱును సంతసింతురు. కాని యా యరగంటలో పది నిర్ణయములు జరిగినవి. ఆ పదియు మనము చేసినవి గావు. ఎక్కడనో దూరమున కూర్చుండి ఆ కార్యక్రమమును వ్రాసినవారు చేసినవి. వారు మంచివారే, నేర్పరులే. కాని మీ పాలసంఘమును వారు చూడలేదు.

డిస్కును గూర్చిన ప్రశ్న వీనిలో మొదట ప్రమాదకరమైనది. డిస్కునంతను లినక్స్‌కే వాడుకొందునా యని ఇన్‌స్టాలరు అడుగును. సరే యన్నచో అంతకుముందు అందున్న దస్త్రము లన్నియు పోవును. క్రొత్త యంత్రమైనచో చింత లేదు. పాత యంత్రమైనచో ముందుగా దానిలోనివన్నియు వేఱొక చోట నకలు తీసి, ఆ నకలు తెఱచి చదువగలుగుచున్నామని చూచుకొన్న తరువాతనే ముందునకు పోవలెను. ఈ విషయమున డెబియన్‌వారి వివేకము మెచ్చదగినది. మార్పులను డిస్కుమీద వ్రాయమందురా యను కడపటి ప్రశ్నకు వారు వలదను జవాబునే పూర్వనిర్ణయముగా నుంచిరి. ఏమఱుపాటున మీట నొక్కినను నష్టము కలుగదు. మంచి పూర్వనిర్ణయమునకు ఇదియే లక్షణము: ఏమఱినవానిని సైతము కాపాడును.

ప్రదేశము, కీబోర్డు అనునవి స్వల్పవిషయములుగా దోచును. మనదేశమంతటికిని కాలమొక్కటే, కాని పట్టికలో నది కోల్‌కతా పేర నుండును. మన యూరి పేరు గాని హైదరాబాదు పేరు గాని కానరాలేదని తికమక పడనక్కఱలేదు. కాలము తప్పుగా నమర్చినచో పద్దులమీది తేదీలును వేళలును తప్పిపోవును. కీబోర్డు విషయమున, ఏ కీబోర్డు అమరికలో పాసువర్డు వ్రాసితిమో, ప్రవేశించునపుడును అదే యమరిక యుండవలెను. తెలుగు అమరికలో వ్రాసి, ఆంగ్లపు అమరికలో తెఱవబోయినచో తలుపు రాదు. పైగా పాసువర్డు వ్రాయునపుడు అక్షరములు తెరమీద కానరావు గనుక తప్పెక్కడనో తెలియదు.

ఇక ముఖ్యమైన ప్రశ్న: మూలాధికార మెవరికి? దీనికి రెండు మార్గములు కలవు. డెబియన్ ఇన్‌స్టాలరు రూటునకు పాసువర్డేమి యని యడుగును. ఇచ్చినచో రూటు అను నధికారి వేఱుగా నుండును. తరువాత సృష్టింపబడు మొదటి వినియోగదారుడు కేవలము సామాన్యుడగును. ఆ పాసువర్డు చోటును ఖాళీగా విడిచినచో, రూటు ద్వారము మూయబడి, ఆ మొదటి వినియోగదారునికే సుడో అను సాధనము ద్వారా మూలాధికారమును వాడుకొను హక్కు కలుగును. చూచితిరా, ఇచట మాటలాడకుండుటయు నొక జవాబే! ఉబుంటువారు 2004లో తమ మొదటి కూర్పునుండియు ఈ రెండవ మార్గమునే పూర్వనిర్ణయముగా గ్రహించిరి. అందు రూటునకు పాసువర్డు ఉండదు. ఇన్‌స్టాలరున మొదట వ్రాయబడిన పేరుగలవాడే అధికారి.

సుడో అనునది 1980 ప్రాంతమున అమెరికాలోని బఫెలో నగరపు విశ్వవిద్యాలయమున బాబ్ కాగెషాల్, క్లిఫ్ స్పెన్సర్ అనువారు నిర్మించిన సాధనము. సామాన్యుడుగా నున్నవాడు ఒక పనికై మాత్రము పెద్దరికము వహించుట కిది తోడ్పడును. అట్లు వహించునపుడు తన పాసువర్డును మరల చెప్పవలెను. ఎవరు, ఎన్నడు, ఏ యాజ్ఞ నిచ్చిరో దినచర్యలో వ్రాయబడును. ఒకే రూటు పాసువర్డును నలుగురు పంచుకొన్నచో, పని చెడినపుడు ఎవరు చేసిరో తెలియదు. ఒకరిమీద నొకరు చెప్పుకొందురు. సుడో మార్గమున ప్రతి పనికిని కర్త యుండును. పెక్కు వ్యవస్థలలో మొదటిసారి దీనిని వాడబోవువానికి మూడు హితవులు తెరమీద కనబడును: ఇతరుల రహస్యములను గౌరవింపుము, వ్రాయకముందు ఆలోచింపుము, అధికారము పెరిగినకొలది బాధ్యత పెరుగును అని వాని భావము. యంత్రమునకు తాళపుచెవి నిచ్చునపుడు నీతి చెప్పుట దానిని నిర్మించినవారి సంస్కారమును దెలుపుచున్నది. ఒక్క జాగ్రత్త వలయును. డెబియన్, ఉబుంటులలో ఒకసారి పాసువర్డు చెప్పిన తరువాత ఆ కిటికీలో 15 నిమిషములవఱకు మరల నడుగదు. ఆ వ్యవధిలో కుర్చీ విడిచి పోవుట, తాళము తలుపునకే వ్రేలాడవిడిచి పోవుటతో సమానము.

కావున ఇన్‌స్టాలరున వ్రాయు మొదటి పేరు సామాన్యమైన పేరు గాదు, అది తాళపుచెవి. ఆ పేరెవరిది కావలెనను విషయమును ఎంటరు మీట కప్పగింపరాదు.

నేనెఱిగిన యొక గ్రామపు సంఘమునందు జరిగినది చెప్పెదను. ఒక యువకుడు ఎంతో శ్రద్ధతో, కాసు పుచ్చుకొనక, అచ్చటి కంప్యూటరునందు లినక్స్ నెలకొల్పెను. మొదటి పేరు తనదే వ్రాసికొనెను. గుమాస్తాకు ఒక సామాన్యపు పేరును కల్పించి యిచ్చెను. రెండేండ్లు పని చక్కగా జరిగెను. పిమ్మట యువకు డుద్యోగమునకై దేశాంతరము పోయెను. గుమాస్తా జబ్బుపడి పని మానుకొనెను. తన పాసువర్డు ఆయనకు జ్ఞప్తికి రాలేదు. క్రొత్త గుమాస్తా వచ్చెను. అతనికి క్రొత్త పేరు కల్పింపవలెనన్న అధికారి కావలెను; అధికారి యూరలేడు, అతని పాత ఫోను నంబరు పలుకదు. వార్షికసభకు వారము దినములున్నవి. రెండేండ్ల పాలలెక్కలు పెట్టెలో. పెట్టెకు చెవి లేదు. ఇందు ఎవడును దుర్మార్గుడు గాడు. అందఱును మంచివారే. కాని తాళపుచెవి యెవరిదని నెలకొల్పిననాడు అడిగినవాడు లేడు.

పట్టణమునుండి యొక పనివానిని రప్పించిరి. అతడు యంత్రమును ఆపి, మరల నడిపించుచు, ఆరంభమునందే యొక మీట నొక్కి, మరమ్మతుకై యుంచబడిన మార్గమున ప్రవేశించెను. ఏ పాసువర్డును లేకయే, కొన్ని నిమిషములలో రూటు అధికారమును సంపాదించి, క్రొత్త పాసువర్డు పెట్టి యిచ్చెను. అందఱును ఊపిరి పీల్చుకొనిరి. అప్పుడచట నున్న యొక వృద్ధుడు, “నాయనా, నీవింత సులభముగా తెఱవగలిగినచో, ఇన్నాళ్లును మాకున్నది తాళమా, తాళపు బొమ్మయా?” యని యడిగెను. ఆ ప్రశ్నకు అచ్చట నెవ్వరును బదులు చెప్పలేకపోయిరి. అది సరియైన ప్రశ్న. దానికి సమాధానము తెలిసికొనదగినది.

పాసువర్డు అనునది వాకిటనుండి వచ్చువానిని ఆపును. యంత్రమునే మోసికొని పోగలవానిని గాని, దానియెదుట ఒంటరిగా కూర్చుండి ఆపి నడుపగలవానిని గాని ఆపజాలదు. వారిని కూడ నాపవలెనన్నచో డిస్కునంతను గూఢలిపిలో నుంచవలెను. దీనికి ఎన్‌క్రిప్షన్ అని పేరు. డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాలరులు రెండును ఈ సౌకర్యమును చూపును; కాని కోరినవారికే యిచ్చును. అడుగనిదే యమ్మయైనను పెట్టదను సామెత ఇచట నక్షరసత్యము. అయినను కోరుటకు ముందు ఒక మాట తెలిసియుండవలెను. గూఢలిపి పాసువర్డును మఱచినచో పట్టణపు పనివాడు గాదు, ఆ వ్యవస్థను వ్రాసినవారు వచ్చినను పెట్టె తెఱవజాలరు. దొంగకు తెఱవరాని తాళము, చెవి పోగొట్టుకొన్న యజమానికిని తెఱవరాదు. సభ్యుల అప్పులు, ఆధారపత్రములు గల యంత్రమునకు గూఢలిపి మేలు. పిల్లలు చదువుకొను గ్రంథాలయపు యంత్రమునకు అవసరము లేకపోవచ్చును. ఏది కావలెనో నిర్ణయింపవలసినవారు మీరు. ఊరి సంగతి తెలిసినవారు మీరే గనుక.

పూర్వనిర్ణయములవలన లోకమున కలిగిన కష్టసుఖములకు కొన్ని నిదర్శనములు చూపెదను. అందఱికిని ఒక్కటే గోత్రమైనచో ఏమగునని యంటిని గదా. 2016వ సంవత్సరమున మిరాయ్ అను దుష్టకార్యక్రమ మొకటి బయలుదేరెను. ఇండ్లలోను దుకాణములలోను కాపలాకై పెట్టుకొను కెమెరాలు, ఇంటర్నెట్టు రూటరులు మొదలగువానిలో లినక్స్ నడచునవి పెక్కులు గలవు. తయారుచేసినవారు వానికి ఒకే విధమైన పేరును పాసువర్డును పెట్టి విక్రయించిరి, కొన్నవారు మార్చుకొనలేదు. మిరాయ్ చేతిలో నున్నదెల్ల సుమారు 60 పేరు-పాసువర్డు జతల పట్టిక. ఆ పట్టికతోనే లక్షలకొలది పరికరములను లోబఱచుకొని, ఆ సేనతో ఇతరులమీద దాడి చేయించిరి. ఆ యేటి అక్టోబరు 21వ తేదీని డిన్ అను సంస్థమీద జరిగిన యట్టి దాడివలన, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ మొదలగు ప్రసిద్ధసేవలు కొన్ని గంటలపాటు అందకపోయినవి. కాపలాకు పెట్టిన కన్నే దొంగకు చేయిచ్చినది. కంచె చేను మేసిన ట్లనుట దీనినే.

ఈ యనుభవముల పిమ్మట ప్రభుత్వములు మేలుకొనినవి. ఇంటర్నెట్టునకు తగుల్చు పరికరములకు అన్నిటికి నొకే పాసువర్డు పెట్టి విక్రయింపరాదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము చేసిన శాసనము 2020 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. బ్రిటనునందు అట్టి శాసనము 2024 ఏప్రిల్ 29వ తేదీనుండి అమలయ్యెను. విద్యార్థులకై స్వల్పపు వెలతో 2012నుండి విక్రయింపబడుచున్న రాస్‌బెరీ పై అను చిన్న కంప్యూటరు లినక్స్ కూర్పునందును, చాల కాలము పై అను పేరును రాస్‌బెరీ అను పాసువర్డును ముందుగానే యుండెడివి. లోకమంతయు నెఱిగిన తాళ మది. 2022 ఏప్రిలునందు దాని నిర్మాతలు ఆ పేరును తొలగించి, ప్రతివాడును తన పేరును పాసువర్డును తానే నిర్ణయించుకొనునట్లు చేసిరి.

సత్సంకల్పముతో చేసిన కూర్పులందును దోషము లుండవచ్చును. 2005 అక్టోబరున వెలువడిన ఉబుంటు కూర్పునందు, ఇన్‌స్టాలరు మొదటి వినియోగదారుని పాసువర్డును ఉన్నదున్నట్లుగా ఒక చిట్టాలో వ్రాసియుంచెననియు, ఆ చిట్టాను ఆ యంత్రమునందలి వినియోగదారులందఱును చదువగలుగుదురనియు 2006 మార్చిలో బయటపడెను. ఉబుంటువారు దాచక ప్రకటించి, వెంటనే సవరణ పంపిరి. సవరణను స్వీకరించినవారు రక్షింపబడిరి. మఱియు 2021 ఏప్రిలు కూర్పునకు ముందు, ఉబుంటునందు ఒక వినియోగదారుని యింటి దస్త్రములను అదే యంత్రమునందలి తక్కినవారు చదువుటకు వీలుండెడిది. ఆ కూర్పునుండి క్రొత్తగా నేర్పడు నిండ్లకు తలుపు మూయుటయే పూర్వనిర్ణయమైనది. దీనివలన తెలియున దేమనగా, పూర్వనిర్ణయములు వేదవాక్యములు గావు. మనుష్యులు చేసినవి; మనుష్యులే దిద్దుచున్నారు. దిద్దినవానిని ఎప్పటికప్పుడు తెచ్చుకొనుటయు తాళపుచెవి గలవాని ధర్మమే.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి గ్రామపెద్దలు చేయవలసిన దేమి? మీరు కీబోర్డు నేర్వనక్కఱలేదు. ఆ యరగంట ప్రక్కన కూర్చుండి, ప్రతి ప్రశ్నయొద్దను దీని యర్థమేమి, ముందున్న జవాబేమి, అది మన కొప్పునా యని యడిగిన చాలును. చక్కని యువకుడు సంతోషముతో చెప్పును. చెప్పుటకు విసుగుకొనువాని చేతికి తాళపుచెవి యిచ్చుట యుక్తమో కాదో మీకే తెలియును.

పనికి ముందు పాత దస్త్రములకు నకలు తీయింపుడు. మొదటి పేరును నెలకొల్పువాని సొంతపేరుగా గాక, సంఘమునకు బాధ్యుడగు వ్యక్తి పేరుగా వ్రాయింపుడు. తరువాత మఱియొక బాధ్యునికిని అధికారిపదవి నిప్పించి, ఇద్దఱకును వేఱువేఱు పేర్లు, వేఱువేఱు పాసువర్డులు ఉండునట్లు చేయుడు. ఒకరు ఊరలేనపుడు రెండవవా రుందురు; ఎవరు చేసిన పని వారి పేర నుండును. దినదినము పనిచేయు గుమాస్తాకును, చదువుకొను పిల్లలకును సామాన్యపు పేర్లే చాలును. అధికారులైనవారును తమ నిత్యపు పనికి వేఱుగా సామాన్యపు పేరు పెట్టుకొన్నచో మఱింత మేలు.

పాసువర్డులను కాగితముమీద వ్రాసి, లక్కముద్ర వేసిన కవరులో నుంచి, సంఘపు ఇనుపపెట్టెలో పెట్టుడు. గోడమీద వ్రాయుట దోషము; ఎచ్చటను వ్రాయకుండుటయు దోషమే. అధికారి మాఱినపుడు పాసువర్డు మార్పించి, పాతవారి పేరునుండి యధికారము తీయించి, క్రొత్త కవరు పెట్టవలెను. పూర్వము కరణము మాఱినపుడు దస్త్రము అప్పగింత జరిగినట్లే ఇదియు జరుగవలెను. సంఘపు పుస్తకమున ఒక పుటలో ఏ కూర్పు, ఏనాడు నెలకొల్పబడినది, డిస్కు గూఢలిపిలో నున్నదా లేదా, అధికారులెవరు, సవరణలు ఎంతకాలము వచ్చును అను సంగతులు వ్రాయింపుడు. ఉబుంటునందు రెండేండ్ల కొకసారి వెలువడు దీర్ఘకాలపు కూర్పునకు సాధారణముగా 5 సంవత్సరములు సవరణలు వచ్చును. ఆ గడువు తీరునాటికి క్రొత్త కూర్పునకు మాఱవలెను. గడువు తెలియనివాడు, చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనవలసి వచ్చును.

ఇంత యనుమానమేల, కుఱ్ఱవాడు మనవాడే గదా యని కొందఱనవచ్చును. ఇది కుఱ్ఱవానియెడ ననుమానము గాదు, వానికి రక్షణ. ఒక్కని చేతిలోనే తాళమున్నచో, పెట్టెలో నేది పోయినను లోకులు వానినే వ్రేలెత్తి చూపుదురు. ఇద్దఱి పేర్లును, దినచర్యయు, పుస్తకములోని పుటయు ఉన్నచో నిర్దోషికి సాక్ష్య ముండును. హుండీని పలువుర యెదుట తెఱచుట పూజారియందలి యవిశ్వాసముచేత గాదు. ఆయన గౌరవమును కాపాడుటకే.

యూనిక్స్‌నుండి లినక్స్‌వఱకు అర్ధశతాబ్దికి మించిన కాలము గడచినది. యంత్రము మాఱినది, వేగము మాఱినది. మూలాధికారము గలవాడు సర్వమును చేయగలడను మాటయు, వానికి హద్దు నేర్పఱుపవలసినవారు వాని చుట్టునున్న మనుష్యులే యను మాటయు మాఱలేదు. ఇన్‌స్టాలరు మొదటి పేరును అడుగును. ఎవరి పేరు వ్రాయవలెనో అది చెప్పదు. ఆ జవాబు మీ గ్రామసభలో నిర్ణయింపబడి, తరువాతనే తెరమీదికి పోవలెను.